దడ్వాయి బిడ్డ చదివిన పేజీ

మా ఊరి గురించి ఎవరో రాసిపెట్టిండ్రు.
పేరు ఉండాల్సిన చోట అంకెలు,
నడుమ నడుమ చుక్కలు.

మట్టెవాడ బడిల ఎనిమిదో తరగతి తహసీన్
ఫోన్ పట్టుకొచ్చి అడిగింది:
"టీచర్, మీ గుండ్లవంచల పాత బడి
యాభై ఎనిమిదిల కొట్టుకపోయిందట, నిజమేనా?"

వెంటనే చెప్పలేకపోయిన.

మా నాయిన ఓదెలు ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి.
తూకం ఆయన పని, కాయ చూసుడు ఆయన పిచ్చి.
ముప్పై ఏండ్లు కాంటా ముందర నిలబడ్డ మనిషి
బస్తా మూతి కాడి మిర్చిని ఎన్నడూ నమ్మలే.
మూతి కాడ అందరూ ఎర్రగనే పెడుతరు బిడ్డా, అని
మోచేతి దాక లోపలికి దించి
అడుగు నుంచి పిడికెడు తీసెటోడు.
తాలు ఎంత, తడి ఎంత,
తొడిమ ఇరిస్తే చప్పుడు వస్తదా రాదా.
రైతు పేరు తర్వాత అడిగెటోడు.
ఒక్కోసారి అడగకనే పోయెటోడు.

నేను గూడ అట్లనే చెయ్యి పెట్టిన.
పైన రెండు పేరాలు ఎర్రగ మెరుస్తున్నయి:
సుప్రసిద్ధమైన, అతి పురాతనమైన, ప్రకృతి ఒడిలో.
మా వాడకట్టోళ్లు ఇంటే
ఇది ఏ ఊరే అని అడుగుతరు.

కిందికి పోయిన. ఆధారాలు ఐదు.
ఒకటి నొక్కితే పేజీ లేదు.
ఒకటి నొక్కితే పెండ్లి సంబంధాల సైటు.
రెండు, ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటున్నయి:
అది చెప్పిందని ఇది, ఇది చెప్పిందని అది.
ఐదోది పాత పత్రిక, తేదీతో సహా.
దాని కోసం హన్మకొండల లైబ్రరీ మెట్లెక్కిన.
ఆ నెల కట్ట చెదలు తిన్నదని చెప్పి
తానే తిన్నట్టు తల వంచుకున్నడు లైబ్రేరియన్.

మార్పుల చిట్టా ఇప్పి చూస్తే
ఒక అర్ధరాత్రి ఎవరో
యాభైని యాభై ఎనిమిది చేసిండ్రు.
వారానికి ఇంకెవరో మల్ల యాభై చేసిండ్రు.
మల్ల ఎనిమిది వచ్చి కూసున్నది.
తిట్టు లేదు, వాదన లేదు,
చీకట్ల కాంటా ముల్లు ఊగినట్టు.

అప్పుడు దొరికింది ఒక వాక్యం:
"ఆ రాత్రి ఒర్రె బొంతరాళ్ల దిక్కు మర్రింది."

ఒర్రె.
పుస్తకం చూసి రాసెటోడు వాగు అంటడు.
బొంతరాళ్లు ఏ మ్యాపుల లేవు,
మేం తడి బొంతలు ఆరేసిన బండలవి.
అంకెల ఎన్క మా మనిషే ఉన్నడు,
ఏ భీవండిల మగ్గం కాడనో నిద్ర పట్టక
ఊరిని తడుముకుంటున్నడు,
తడుముకుంటున్నదో.

మొత్తం నమ్మేద్దామనిపించింది, ఏడాదితో సహా.
ఆగు, అంటడు మా నాయిన.
ఒర్రె తెల్సినోళ్లకు ఏడాది తెల్వాలని ఏమున్నది?
కాయ మంచిదైతే తూకం మంచిదా?

ఆయన పోయినంక ట్రంకు పెట్టె అడుగున
పాత తక్‌పట్టీలు దొరికినయి.
అమ్మినోని పేరు, కొన్నోని పేరు, నాయిన సంతకం.
నేను కాలేజీల చేరిన ఏటిది ఒకటి,
తిప్పి చూస్తే పెన్సిల్‌తోని చిన్నగ:
మూడు కిలోలు తక్కువ రాసిన.
ముందట సంతకమున్నది.
ఎన్క లేదు.

తహసీన్‌కు చెప్పిన:
ఒర్రె అని పెన్నుతోని రాసుకో,
బొంతరాళ్లు పెన్నుతోని రాసుకో,
ఏడాది కాడ పెన్సిల్ తియ్యి.
మా నాయినమ్మ లెక్కల అది
రజాకార్ల తర్వాత రెండో వాన.
నాయినమ్మ మాటకు ఆధారం నేను,
నా మాటకు ఆధారం నాయినమ్మ,
ఆ రెండు లింకుల తీరుగనే.
"మార్కులు పోతయా టీచర్?" అన్నది.
ఈసారి పోవు, అన్న.

ఆ రాత్రి నేనే పేజీ తెరిచి
యాభై ఎనిమిది పక్కన
ఆధారం కావాలె, అని పెట్టిన.
నొక్కినంక చూస్తే
నా పేరు ఉండాల్సిన చోట అంకెలు,
నడుమ నడుమ చుక్కలు.